మోకాళ్ళవ్వ కూర్చున్న కుర్చీ

ఆ రోజుల్లో మనిషికి తిండి కొంచెం తక్కువైనా పరవాలేదు, తలెత్తుకు తిరగడానికి కారణం ఒకటుంటే చాలనుకునేవాణ్ణి. నా కారణం ఒక టేకు కుర్చీ. ముదిగుబ్బ పక్కన మా పల్లెలో చర్చికి స్థలమిచ్చింది మా తాత. (రాళ్ళు మోసి కట్టింది ఊరంతా. ఆ సంగతి మా ఇంట్లో ఎవరం ఎత్తేవాళ్ళం కాదు.) అందరూ చాపల మీద కూర్చుంటే, ముందు వరసలో ఆ కుర్చీలో తాత, ఆయన తర్వాత నాయన, నాయన తర్వాత నేను కూర్చున్నాం. తాత నాటి భూముల్లో నా దాకా మిగిలింది రెండెకరాల వేరుశనగ చేను, అదీ వాన దయ. బావి ఎండింది, ఎద్దులు పోయాయి, పెద్దింట్లో రెండు గదులకే కప్పు మిగిలింది. కుర్చీ మాత్రం గట్టిగా నిలబడింది. నేనూ నిలబడ్డాను. మా వంశంలో నడుము వంగదని పేరు.

తొంభై తొమ్మిదిలో మా చర్చికి కొత్త అయ్యగారు వచ్చారు. ఒక ఆదివారం నేను అలవాటు ప్రకారం మొదటి పాట అయ్యాక (ముందే రావడం మా హోదాకు తగదు) లోపలికి అడుగుపెడితే, నా కుర్చీలో మోకాళ్ళవ్వ కూర్చుని ఉంది. ఒకప్పుడు మా చేలల్లో కలుపు తీసిన మనిషి. "అవ్వ కింద కూచోలేకపోతాంది, నేనే కూచోమన్నా. మీరిట్లా నా పక్కకు రాండి" అన్నారు అయ్యగారు, చాప చూపించి. ఆరాధన అయ్యేదాకా గుంజలా నిలబడి, అందరూ లేచాక కుర్చీని తలకెత్తుకుని బయటికి నడిచాను. మిట్టమధ్యాహ్నపు ఎండ. టీ అంగడాయన కేకేశాడు.

"ఏమప్పా, కుర్చీ యాడికి పోతాంది?"

"ఇంటికి."

"మరి నువ్వు?"

మరుసటి ఆదివారం నుంచి మా ఇంట్లోనే ఆరాధన మొదలుపెట్టాను. అమ్మ మాత్రం, "నువ్వూ నీ కుర్చీ చేసుకోండప్పా, నేను చర్చికి పోతాండా" అని వెళ్ళిపోయింది. తిరిగి చర్చికి వెళ్తే తాత పరువు పోతుంది. వెళ్ళకపోతే ఏం పోతుందో అప్పటికి నాకు తెలియదు. టేపు రికార్డరులో ప్రసంగం క్యాసెట్ పెట్టి, నిటారుగా కూర్చుని వినేవాణ్ణి. ఓల్టేజీ తగ్గినప్పుడల్లా ప్రసంగీకుడి గొంతు నిద్రలోకి జారుకున్నట్టు సాగిపోయేది. "మీ పక్కనున్నవారి చెయ్యి పట్టుకొని వందనాలు చెప్పండి" అన్నాడాయన. పక్కన మా కోడిపెట్ట ఉంది. అది చెయ్యి ఇవ్వలేదు. అన్నిటికన్నా అవమానం పాట దగ్గర జరిగింది. ప్రతి ఆదివారం పాడే పాటలో నాకు మూడో చరణం రాదని ఆ గదిలోనే తెలిసింది. ఇన్నేళ్ళూ వెనక చాపల మీద వాళ్ళు పాడుతుంటే, నేనే పాడుతున్నాననుకున్నాను. అయినా ఐదు ఆదివారాలు రెండు చరణాలతోనే లాగించాను.

ఆరో ఆదివారం గుమ్మంలో కర్ర చప్పుడయింది. చూస్తే మోకాళ్ళవ్వ.

"ఏందవ్వా?"

"ఆరాధనకొచ్చినా."

"చర్చి అటుపక్క కదా."

"తెల్సులే అబ్బోడా. కుర్చీ ఈడుండాది. ఆడ కింద కూచుంటే నన్ను లేపనీకి నలుగురు కావాల. ఈడైతే నువ్వొకనివి చాలు."

చెప్పి, వచ్చి కూర్చుంది. ఇంట్లో రెండో కుర్చీ లేదు. ఎలాంటి చాప మీద కూర్చోలేక ఊరి మీదుగా కుర్చీని మోసుకొచ్చానో, అలాంటి చాపే పరుచుకుని ఆమె కాళ్ళ దగ్గర కూర్చున్నాను. మూడో చరణం దగ్గర నేను ఆగిపోతే ఆమె అందుకుంది. శ్రుతి లేదు గానీ ఒక్క మాటా తప్పలేదు. క్యాసెట్లో ఆయన వందనాలు చెప్పమనగానే చెయ్యి చాపింది. మా చేలల్లో కలుపు తీసి తీసి గరుకుబారిన చెయ్యి. "వందనాలు అబ్బోడా" అంది. ఆ చెయ్యి వదలాలనిపించలేదు.

"ఇంగ చాల్లే. కుర్చీ ఎత్తుకో, పోదాం. అయ్యగారు ప్రసంగం మొదలుపెట్టుంటాడు" అంది.

"నువ్వు అంత దూరం మళ్ళీ నడుస్తావా?"

"నడుస్తానని ఎవురన్నారు?"

వీధిలో పోతున్న ముగ్గుర్ని పిలిచి, నాతో కలిపి నలుగుర్ని చేసింది. అవ్వను కుర్చీతో సహా భుజాల మీదికి ఎత్తాం. పైనుంచి "ముందు కాలు దించొద్దు, పడేస్తే సూడండి" అని అదిలిస్తూ, మధ్యలో పాట అందుకుంది. అరుగుల మీద వాళ్ళు లేచి మా వెనక నడిచారు. పాట విని చర్చిలో వాళ్ళంతా బయటికొచ్చి చప్పట్లతో కలిశారు. అయ్యగారు ప్రసంగం ఆపి గంట కొట్టించారు. చర్చి మలుపులో టీ అంగడాయన నిలబడి ఉన్నాడు.

"ఏమప్పా, కుర్చీ యాడికి పోతాంది?"

"చర్చికి."

"మరి నువ్వు?"

"నేనూ."

మా తాత ఆ కుర్చీలో ఎన్నేళ్ళు కూర్చున్నా, అంత ఊరేగింపు ఆయనకు జరగలేదు.

అవ్వ పోయి చాలా ఏళ్ళయింది. మొన్న చర్చిలో పాట మధ్యలో చాప మీద నుంచి లేవలేక గోడ పట్టుకుంటుంటే, ఊరికి కొత్తగా కాపురానికొచ్చిన అమ్మాయి ఒకతె చూసింది. "మామా, ఆ టేకు కుర్చీలో కూచో. అది మోకాళ్ళవ్వ కుర్చీ అంట, మోకాళ్ళు పోయినోళ్ళకు." అది మా తాతది అని చెప్పడానికి నోరు తెరిచాను. ఇంతలో మూడో చరణం వచ్చింది. వెళ్ళి కూర్చుని, నడుము నిటారుగా పెట్టి, పాడాను.