బాబాయి ఇంకా ఆలోచిస్తున్నాడు

ఇప్పుడంటే ఒకే మంచం మీద కూర్చుని ఎవరి ఫోన్లో వాళ్లు, ఎవరి నమ్మకంలో వాళ్లు ఉండిపోతున్నారు గానీ, నేను లంగా ఓణీలు వేసుకునే రోజుల్లో ఒకరి మనసులో ఏముందో ఇంటిల్లిపాదికీ కావాల్సి వచ్చేది. దేవుడు ఉన్నాడా లేడా అనే గొడవ పెద్ద పెద్ద పుస్తకాలు చదివినవాళ్లు మైకు ముందు నిలబడి పడతారని మీరనుకుంటారేమో. మా ఇంట్లో అది కోడి దగ్గర మొదలైంది. ఐదో తరగతితో బడి మానేసిన నాకు ఈ విషయంలో తెలిసిందంతా వంటింటి గుమ్మంలో నిలబడి, చేతిలో ఉల్లిపాయతో విన్నదే. అందుకే ఇప్పటికీ ఎవరైనా దేవుడి గురించి వాదించుకుంటుంటే నా కళ్లు మండుతాయి.

కంకిపాడులో రోడ్డువారనే మా ఇల్లు. ముందు గదిలో పరుపుల కొట్టు, వెనక మా కాపురాలు. మా నాన్న నా చిన్నప్పుడే పోవడంతో అమ్మా నేనూ పెదనాన్న నీడలోనే పెరిగాం (అమ్మ పెరగడమేమిటని నవ్వకండి, ఆమెకూ అప్పటికి పెద్ద వయసేం కాదు). పెద్దమ్మ పోయాక పెదనాన్న మసీదుకు దగ్గరై, ఊరూరా తిరిగి మా మతం, అంటే దీన్ గురించి చెప్పే పెద్దలతో కొన్నాళ్లు తిరిగొచ్చాడు. వచ్చాక పైజామా చీలమండల పైకి లేచింది, రేడియో అటకెక్కింది. మనిషి మాత్రం మంచివాడు. పక్కింటి రైతు గారింట్లో వ్రతమైతే ప్రసాదం చేతికి తీసుకోడు గానీ, వాళ్ల అమ్మాయి పెళ్లికి పరుపు తానే కుట్టి, తానే మోసుకెళ్లి ఇచ్చాడు. "వాళ్లు పుట్టింది అందులో. వాళ్ల లెక్క అల్లా చూసుకుంటాడు. మనం మర్యాదగా ఉండాలి, అంతే," అనేవాడు.

ఆయన తమ్ముడు, అంటే మా బాబాయి, మోటార్లకు వైండింగ్ చేసేవాడు. ఆదివారాలు బెజవాడ వెళ్లి ఏవో మీటింగులు విని, సంచీ నిండా పుస్తకాలతో వచ్చేవాడు. అవేమిటో పెదనాన్నకు తెలియదు. కరెంటు పుస్తకాలనుకునేవాడు. బాబాయికి ఇంట్లో ఇంకో ఉద్యోగం కూడా ఉండేది. మాలో బిస్మిల్లా అని అల్లా పేరు చెప్పి కోస్తేనే కోడి తినడానికి పనికొస్తుంది. పెదనాన్నకేమో నెత్తురు చూస్తే కళ్లు తిరుగుతాయి. ఒకసారి బక్రీదుకు మేక కన్నా ముందు ఆయనే పడిపోయాడు. బజారులో కోసే కుర్రాడు సినిమా పాటలు పాడుకుంటూ కోస్తాడని ఆయనకు అనుమానం. అందుకని మా ఇంటికే కాదు, సందు మొత్తానికీ కత్తి పట్టేది బాబాయే.

ఒక శుక్రవారం అమ్మ కోడిని పట్టుకుని నిలబడింది. బాబాయి కత్తి నీళ్లతో కడిగి, కోడి మెడ మీద చెయ్యి వేసి, మళ్లీ తీసేశాడు.

"వదినా, ఒక మాట చెప్పాలి. బిస్మిల్లా అనడం నోటితోనే అంటున్నా. లోపల ఏమీ లేదు. తినేది మీరు, మీకు తెలియాలి కదా," అన్నాడు.

అమ్మకు అర్థం కాలేదు. "లోపల ఏమీ లేదంటే? పొద్దున్న ఇడ్లీ తిన్నావుగా," అంది.

"దేవుడు లేడనిపిస్తోంది వదినా."

ఆ మాట వినగానే అమ్మ చేతులు వదులయ్యాయి. కోడి గోడ దూకి రైతు గారి గడ్డివాములో దూరింది. ఆ రోజు ఆ ఇంట్లో అందరికన్నా తెలివిగా నడుచుకున్నది అదొక్కటే.

పెదనాన్న కొట్టులోంచి వచ్చి విషయం విన్నాడు. తరవాత మెల్లగా మొదలుపెట్టాడు. తెలియనివాడి సంగతి వేరు, ఈ దీన్లో పుట్టి, పెరిగి, తెలిసీ కాదన్నవాడి సంగతి వేరు. వాడు కోసింది తినకూడదు. వాడికి సలాం చెప్పకూడదు. వాడు పోతే జనాజా నమాజు చదవరు. ఒక్కొక్కటీ తమ్ముడి వైపు చూడకుండా చెప్పాడు. చివరికి వంటింటి వైపు చూసి, "ఇంకోటుంది. అలాంటివాడి నికా నిలవదు," అన్నాడు.

లోపల రుబ్బురోలు ఆగిపోయింది. బాబాయి పెళ్లాం, మా పిన్ని, బయటికొచ్చింది. చేతినిండా కొబ్బరి పచ్చడి.

"అంటే, బావగారూ, నేనిప్పుడు ఎవరి పెళ్లాన్నండీ?"

పెదనాన్న టోపీ తీసి మళ్లీ పెట్టుకున్నాడు. బాబాయి మాత్రం హుషారుగా, "చూశావా, ఇదే నేననేది. నమ్మకం మారితే పెళ్లి ఎందుకు చెడుతుంది, అందులో హేతువేముంది..." అని అందుకున్నాడు.

"మీరు ఆగండి. అడిగింది మిమ్మల్ని కాదు," అంది పిన్ని.

ఆ సాయంత్రమే పిన్ని చాపా దిండూ తెచ్చి నా పక్కన వేసుకుంది. హజరత్ గారు, అంటే మా మసీదులో నమాజు చదివించే పెద్దాయన, గుంటూరు వైపు చుట్టాల ఇంటికి వెళ్లారు. ఆయన వచ్చి మాట చెప్పేదాకా ఇదే ఏర్పాటని పెదనాన్న అన్నాడు. నాకైతే కోడికూర పోయిందే అని దిగులు, పిన్ని కాళ్లు తన్నుతుందే అని ఇంకో దిగులు. ఆమె కాపురం కూలిపోతోందని నాకు తట్టడానికి కొన్నాళ్లు పట్టింది. ఒక రాత్రి గోడవైపు తిరిగి పడుకుని, "చిట్టీ, పుట్టింటికి వెళ్తే ఏమని చెప్పాలే? మొగుడు తిట్టాడనా, కొట్టాడనా? ఆలోచించాడని చెప్పాలా?" అంది. అప్పుడు తెలిసింది.

ఇక మా ఇంట్లో చేపల రాజ్యం వచ్చింది. చేపను కోయడానికి బిస్మిల్లా చెప్పేవాడి కోసం చూడక్కర్లేదు, ఎవరు పట్టినా మాకు తినడానికి అడ్డు లేదు. పొద్దున పులుసు, రాత్రి వేపుడు, మర్నాడు మిగిలిన పులుసు. చేపలమ్మి రోజూ మా గుమ్మంలోనే గంప దించేది. సంగతి తెలుసుకుని ఒకరోజు అమ్మను అడిగింది.

"మా ఇంట్లో బోలెడుమంది దేవుళ్లున్నారమ్మా, ఏ గొడవా లేదు. మీకున్నది ఒక్కడే కదా, ఆ ఒక్కడి గురించే ఇంత రభసా?"

"ఒక్కడే కాబట్టేనమ్మా. నువ్వు ముళ్లు తక్కువున్నది ఇవ్వు," అంది అమ్మ విసుగ్గా.

అన్నదమ్ములిద్దరూ నా ద్వారానే మాట్లాడుకునేవాళ్లు. "వాడిని ఫ్యాను బాగుచేయమను." "అన్నయ్యను స్విచ్చి ఆపమను." మధ్యలో నేను నిలబడి, ఇద్దరికీ వినిపించిన మాటనే మళ్లీ వినిపించేదాన్ని. ఒకనాటికి నాకు ఒళ్లు మండింది. అల్లా తప్ప వేరే దేవుడు లేడనే కలిమా రెండు ముక్కలు పెదనాన్న వినేలా అనేస్తే పోయేదానికి ఇంత అవస్థ ఎందుకనిపించింది. నా బుర్రకు ఒక ఉపాయం తట్టింది (నా బుర్రకు తట్టినవేవీ బాగుపడలేదు గానీ ఇది వాటన్నిటిలోకీ గొప్పది). పెదనాన్నను పరదా వెనక నిలబెట్టాను. అమాయకంగా ముఖం పెట్టి బాబాయి దగ్గరికెళ్లాను.

"బాబాయ్, కలిమా మధ్యలో మరిచిపోతున్నాను. ఒకసారి చెప్పవా?"

బాబాయి మోటారు తీగ చుట్టడం ఆపలేదు. "మీ పెదనాన్నను అడగవే. పరదా వెనకే ఉన్నాడుగా, కాళ్లు కనబడుతున్నాయి," అన్నాడు.

ఆ పైకి లేచిన పైజామా వల్ల కాళ్లు మరీ స్పష్టంగా కనబడ్డాయి. పెదనాన్న పరదా తీసి, ఏదో వెతుకుతున్నట్టు అటకవైపు చూస్తూ నిలబడ్డాడు.

నేను ఏడుపు ముఖం పెట్టాను. "ఒక్కసారి అనేస్తే ఏం పోతుంది బాబాయ్? పిన్ని కోసమైనా."

"అబద్ధం చెప్పి కలిమా చదివితే మీ పెదనాన్న దేవుడికీ అవమానమే కదే," అన్నాడు. ఆ మాట అటకవైపు చూస్తున్న మనిషికీ వినబడింది. ఆయన భుజాలు కాస్త జారడం నేను చూశాను.

అసలు తిరుగుబాటు పిన్ని చేసింది. మర్నాడు పొద్దున నెత్తిన ముసుగు ముక్కుదాకా లాక్కుని, వంటింటి తలుపు వేసేసింది. "ఆయన నాకు మొగుడు కాడు, పరాయి మగాడు. పరాయి మగాడికి నేను వండకూడదు. ఆయన మొగుడు కానప్పుడు మీరు నాకు బావగారూ కారు. మీరూ పరాయే. దీన్ ప్రకారం నడుచుకుంటున్నా, తప్పుంటే చెప్పండి," అంది లోపల్నుంచి. పెదనాన్న తప్పు వెతికాడు. దొరకలేదు. ఇద్దరు మగవాళ్లూ సెంటర్లో ఇడ్లీ హోటలుకు బయల్దేరారు, ఒకరు రోడ్డుకు ఈ పక్కన, ఒకరు ఆ పక్కన. హోటల్లో ఉన్నది ఒకటే బల్ల. పక్కపక్కనే కూర్చుని, చట్నీ గిన్నె అటూ ఇటూ జరుపుకుంటూ, మాట్లాడకుండా తిని వచ్చేవాళ్లట. హోటలాయన అమ్మతో చెప్పి నవ్వాడు. అమ్మకు నవ్వు రాలేదు.

చివరికి హజరత్ గారు వచ్చారు. సన్నగా, పొట్టిగా ఉండేవారు. ముందు గదిలో కొత్త పరుపు మీద కూర్చోబెడితే సగం మనిషి అందులోకి దిగిపోయారు. పరదా ఇవతల పిన్ని, అమ్మ, నేను. పిన్ని నా చెయ్యి ఎంత గట్టిగా పట్టుకుందంటే గాజు చిట్లింది.

పెదనాన్న అంతా చెప్పాడు. హజరత్ గారు తల ఊపారు. "నువ్వు చెప్పింది తప్పు కాదు. కాదని తేల్చేసినవాడి నికా నిలవదు. అది నేను దాచను," అన్నారు. పిన్ని నా చెయ్యి వదిలేసింది. ఆయన బాబాయి వైపు తిరిగారు.

"నాయనా, నన్ను వాదనలోకి దింపకు, నేను ముసలివాణ్ణి. ఒక్కటే అడుగుతాను. తేల్చేశావా? ఇంకా ఆలోచిస్తున్నావా?"

బాబాయి నోరు తెరిచాడు. మీటింగుల్లో విన్నదంతా ఆ నోట్లో సిద్ధంగా ఉందని నాకు తెలుసు. అప్పుడే పరదా ఇవతల నుంచి పిన్ని దగ్గింది. పెద్ద దగ్గు కాదు. బాబాయి నోరు మూసుకుని పరదా వైపు తిరిగాడు. అబద్ధం చెప్పడు, అదే మా భయం.

"ఆలోచించడం ఎప్పుడూ ఆపలేదండీ. ఆపేస్తే ఇక నేను మాట్లాడేదానికి అర్థమే లేదు," అన్నాడు.

"అయితే ఇంకా తేలలేదు. తేలనిదాని మీద తీర్పేమిటి? ఆలోచించుకోవడానికి గడువు ఇవ్వాలి."

"ఎంతకాలమండీ?" అన్నాడు పెదనాన్న.

"నువ్వు తొందరపెట్టనంతకాలం," అని, పరుపులోంచి లేవడానికి చెయ్యి చాపారు హజరత్ గారు. పెదనాన్న ఒక చెయ్యి, బాబాయి ఒక చెయ్యి పట్టుకుని లాగారు. "అనుమానం తీరేదాకా అతను కోసిన కోడి మాత్రం తినకండి," అన్నారు లేస్తూ.

"హజరత్ గారండీ, బిస్మిల్లా చెప్పి ఆడది కోస్తే?" అని పిన్ని పరదా ఇవతల నుంచి అడిగింది.

"భేషుగ్గా చెల్లుతుందమ్మా. ఎవరు కాదన్నారు?"

ఎవరూ కాదనలేదు. ఎవరూ అడగనూ లేదు. మేమన్ని రోజులు చేపల ముళ్లు ఏరుకున్నది ఈ ఒక్క ప్రశ్న అడగక. అమ్మ ఆ రోజు గోడకు తల కొట్టుకోవడం నా కళ్లతో చూశాను. ఆ మర్నాటి నుంచి సందు మొత్తానికీ కత్తి పట్టింది పిన్ని. బాబాయి కాళ్లు పట్టేవాడు. కోడి కాళ్లు లెండి.

ఆ తరవాత ప్రతి రంజానుకూ నమాజు నుంచి రాగానే పెదనాన్న అదే మాట అడిగేవాడు. "ఆలోచించావా?" బాబాయి సేమ్యా గిన్నె అందుకుంటూ, "ఆలోచిస్తున్నా అన్నయ్యా," అనేవాడు. మొదట్లో ఆ అడగడంలో కోపం ఉండేది. తరవాత అలవాటు మిగిలింది. ఆ మాట లేకపోతే పండగ రానట్టే ఉండేది. మధ్యలో మనవలు పుట్టారు, పరుపుల్లోకి స్పాంజి వచ్చింది, పెదనాన్న మంచాన పడ్డాడు.

ఆసుపత్రికి ఇక వద్దని పెదనాన్న అన్నాక బాబాయే పక్కన కూర్చుని ఆయనకు వజూకు, అంటే నమాజుకు ముందు కాళ్లూ చేతులూ కడుక్కోవడానికి, నీళ్లు పోసేవాడు, నమాజు వేళయిందని లేపేవాడు. ఒక మధ్యాహ్నం పెదనాన్న కళ్లు తెరిచి, తమ్ముడి చెయ్యి తడిమి, మామూలుగానే అడిగాడు, "ఇంకా ఆలోచిస్తున్నావా?"

"ఆ, అన్నయ్యా."

నేను గుమ్మంలో ఉన్నాను. ఈసారైనా కలిమా చదవమని బతిమాలతాడనుకున్నాను. ఆయన కాసేపు ఊపిరి కూడదీసుకుని, "తొందరేం లేదులే. బాగా ఆలోచించుకో," అన్నాడు.

పెదనాన్న జనాజా నమాజు అవుతున్నంతసేపూ బాబాయి మసీదు బయట నిలబడి అందరి చెప్పులూ కాపలా కాశాడు. జనాజా మోసేటప్పుడు మాత్రం మొదటి భుజం ఆయనదే. ఎవరూ వద్దనలేదు.

ఇప్పుడు నేనూ నమాజు వేళ తప్పనిదాన్నయ్యాను. మొన్న మా అమ్మాయి బెజవాడ కాలేజీ నుంచి వచ్చి, అన్నం ముందు కూర్చుని, "అమ్మా, నాకు కొన్ని అనుమానాలున్నాయే," అంది. నా లోపల పెదనాన్న లేచి కూర్చున్నాడు. తిట్టాల్సిన మాటలన్నీ వరసగా నాలుక మీదికి వచ్చాయి. పరదా వెనక మనుషుల్ని నిలబెట్టిన ఆ పిల్ల ఉపాయాలు కూడా రెండు మూడు తట్టాయి. గిన్నెలో చూస్తే చేపల పులుసు.

"ముళ్లు చూసుకుని తిను, తొందరేం లేదు," అన్నాను.