మిల్లు రాతి మీద పసుపు

నిన్న తలో వంటకం పట్టుకెళ్లే పాట్‌లక్‌ విందుకి తీసుకెళ్తున్న పెరుగు డబ్బా కారు డిక్కీలో ఒలికింది. తుడుద్దామని చాప ఎత్తితే కింద పసుపు మరక, పోయిన వేసవి నాటిది. "ఎవరు చూస్తార్లే" అంటారు మావారు. నేను చూస్తాను, చాలదూ.

హామిల్టన్ దాటి గంట డ్రైవ్ చేస్తే ఒక వాగు, ఆ ఒడ్డున పాత నీటిమిల్లు ఉండిన చోటు వస్తాయి. చక్రం లేదు, కప్పు లేదు, గడ్డిలో తిరగలి రాయి ఒక్కటే మిగిలింది. రిటైరయ్యాక ఊరికే కూర్చోలేక దాని చరిత్ర రాస్తానని బయల్దేరాను. తెల్లవాళ్లు కట్టిందనుకుని లైబ్రరీలో నెలల తరబడి వెతికాను. కాదని చెప్పింది ఆ వాగు పక్కనే పుట్టిన పెద్దావిడ, ఈ దేశపు మూలవాసులైన మావోరీల మనిషి. వాళ్ల ముత్తాతలు గోధుమలు పండించి, అక్కడే పిండి పట్టి, ఆక్లండ్‌కి పంపేవారట. తర్వాత తెల్లవాళ్ల సైన్యం వచ్చి మిల్లు తగలబెట్టింది. అడ్డుపడినవాళ్లు అక్కడే పోయారు. ఊరంతా ఆవిణ్ణి ఆంటీ అంటారు, నాకూ ఆంటీయే. వరసలు కలపడంలో మనల్ని మించినవాళ్లు ఎవరు? ఆవిడతో మొదటిసారి రాయి దగ్గరికి వెళ్లినప్పుడు నా పులిహోర డబ్బా కార్లోనే వదిలి రమ్మంది. చీమల భయం కాబోలు అనుకున్నానే గానీ, ఎందుకని అడగలేదు.

తర్వాత ఆవిడ తనవాళ్లందరినీ రాయి దగ్గరికి పిలిపించింది, ఎవరికి తెలిసింది వాళ్లు నాకు చెప్పడానికి. నేను ముందే వెళ్లాను. మా పెళ్లిళ్లలో తిరగలికి పసుపు కుంకుమ పెట్టందే పని మొదలుపెట్టరు. పాపం, ఈ రాతికి పూజ ఎవరు చేశారు కనక అని జాలిపడి, పసుపు పూసి, బొట్లు పెట్టి, పైన కొబ్బరిచిప్పలు, బెల్లం ఉంచాను. ముచ్చటేసి ఫోటో కూడా తీసుకున్నాను.

కార్లు దిగినవాళ్లు దిగినచోటే ఆగిపోయారు. ఆంటీ నెమ్మదిగా దగ్గరికొచ్చింది.

"ఇది మా చనిపోయినవాళ్ల రాయమ్మా. దీని మీద మేం తిండి పెట్టం."

సిగ్గుతో చచ్చిపోయాను. అన్నీ చున్నీలో మూటగట్టి డిక్కీలో పడేశాను. వాళ్లు ప్రార్థన చేసి, వాగు నీళ్లు పోసి రాతిని కడిగారు. పసుపు పూర్తిగా పోలేదు. ఆ రోజు మిల్లు గురించి నాకేమీ చెప్పకుండానే అందరూ వెళ్లిపోయారు, ఆంటీ ఒక్కతే ఆగింది.

"నేనింక ఈ చరిత్ర రాయడం మానేస్తాను ఆంటీ" అన్నాను.

"మానేస్తే ఎలా? ఇవాళ్టి సంగతి కూడా కలిపి పూర్తి చెయ్యి" అంది.

అలాగే చేశాను. మిల్లు తగలబెట్టినవాళ్ల గురించి ఒక పేరా, దాని కిందే నాది. మధ్యలో ఎన్ని తరాలు గడిచాయో గానీ, కాగితం మీద మాత్రం మేం పక్కపక్కనే ఉన్నాం.