ఎవరూ ఫోన్ చేయకుండా తిరిగిన మోటారు

2007. అనంతపురంలో ఒక కంప్యూటర్ల దుకాణంలో సర్వీసు పని చేస్తూ, తీరిక దొరికినప్పుడల్లా తెలుగులో ఒక టెక్నాలజీ బ్లాగు రాసేవాణ్ని. బ్లాగు నడపడంలో టపా రాయడం సగం పనే. మిగతా సగం ఆ టపా కింద పాఠకులు పెట్టే వ్యాఖ్యలకు జవాబు చెప్పడం. మొదటి సగం నాకు వచ్చనే అనుకునేవాణ్ని. రెండో సగం రాదని తెలిసింది చిలమత్తూరు మండలం నుంచి వచ్చిన ఒక వ్యాఖ్య వల్ల.

దానికి కారణమైన టపా పాత సెల్‌ఫోన్‌తో బోరు మోటారు ఆన్ చేసే పద్ధతి గురించి. మా జిల్లాలో పొలానికి కరెంటు విడతలుగా వస్తుంది. ఒక వారం తెల్లవారుజామున, ఇంకో వారం మధ్యాహ్నం. కరెంటు పోగానే మోటారును నడిపే స్టార్టర్ ఆఫ్ అయిపోతుంది, మళ్లీ వచ్చాక ఎవరో ఒకరు వెళ్లి పచ్చ బటన్ నొక్కాలి. ఆ ఒక్క నొక్కుడు కోసం రైతు మూడు కిలోమీటర్లు నడవాలి. నేను చెప్పిన ఉపాయం చిన్నది. పాత ఫోను ఒకటి స్టార్టర్ పెట్టెలో పెట్టి, దానికి ఛార్జర్ ఎప్పుడూ తగిలించి ఉంచాలి. ఫోన్లో మోగే బజర్ నుంచి రెండు తీగలు తీసి రిలేకు కలపాలి. రిలే అంటే చిన్న కరెంటు తగిలితే పెద్ద కరెంటు దారిని కలిపే స్విచ్. ఇంట్లో కూర్చుని మిస్డ్ కాల్ ఇస్తే ఫోను మోగుతుంది, రిలే టక్కుమంటుంది, పచ్చ బటన్ నొక్కినట్టే.

దుకాణంలో నా బల్ల మీద మోటారుకు బదులు బల్బు పెట్టి నాలుగు రోజులు పరీక్షించాను. ఒక్కసారి కూడా తప్పలేదు. బొమ్మ గీసి, కావలసిన వస్తువుల పట్టిక రాసి, ఎలక్ట్రీషియన్ లేకుండా స్టార్టర్ ముట్టుకోవద్దని హెచ్చరిక పెట్టి ప్రచురించాను. నా బ్లాగులో అంతకుముందు ఏ టపాకూ అన్ని వ్యాఖ్యలు రాలేదు.

నెల తర్వాత రామాంజి అనే రైతు వ్యాఖ్య పెట్టాడు. పట్టుగూళ్లు అమ్మడానికి హిందూపురం వచ్చినప్పుడల్లా అక్కడి నెట్ సెంటర్లో కూర్చుని నా బ్లాగు చదివేవాడట. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు.

"అన్నా, నువ్వు రాసినట్లే పెట్టిచ్చినా. బాగా పని చేస్తాండాది. కానీ నేను కాల్ చేయకుండానే మోటారు ఆన్ అయితాండాది. నా వంతు రోజు పొద్దున పోయి చూస్తే నీళ్లు మా తమ్ముని మల్బరీ తోటలో పారతాంటాయి. నంబరు వాని దగ్గర కూడా ఉండాది. ఏం చేయల్ల?"

అన్నదమ్ములిద్దరికీ బోరు ఒక్కటే. ఒక రోజు అన్న వంతు, ఒక రోజు తమ్ముని వంతు. బోరు నుంచి రెండు పైపులు, ఒక్కోదానికి ఒక గేటు వాల్వు.

నేను పది నిమిషాల్లో జవాబు రాశాను. ఒకటి, సిమ్ మార్చండి. రెండు, కొత్త నంబరు ఎవరికీ చెప్పకండి. మూడు, ఫలితం ఇక్కడ రాయండి.

మిగతా పాఠకులు ఊరుకోలేదు. "నీళ్ల దొంగల్ని పట్టించే బ్లాగు తెలుగులో ఇదొక్కటే" అన్నారొకరు. "తమ్మునికి మోటారు నంబరిచ్చినోడు బీరువా తాళం కూడా ఇచ్చింటాడు" అని ఇంకొకరు. నేను కూడా కింద ఒక నవ్వు బొమ్మ పెట్టాను. ఆ బొమ్మ ఇప్పటికీ ఆ పేజీలో ఉంది.

రెండు వారాల తర్వాత రామాంజి మళ్లీ రాశాడు.

"నంబరు మార్చినా నిలవలేదు. అంటే వాడు పోయి చేత్తోనే ఒత్తుతాండాడు. నంబరు దాచినానని వానికి తెలిసిపాయ. నన్ను దొంగను చేసినావా అని ఇంటి ముందరకొచ్చి అరిచినాడు. వేరే బోరు ఏస్తాడంట, ఈ బోరు పక్కనే. సోమవారం బోరుబండి వస్తాండాది."

ఆ చివరి వాక్యం చదివాక నాకు నవ్వు రాలేదు. మా వైపు ఎవరికైనా దాని అర్థం తెలుసు. ఉన్న కాస్త నీటికి పక్కపక్కనే రెండు బోర్లు వేస్తే, ఒకదాని నీళ్లు ఇంకొకటి లాగేసుకుని, కొన్నాళ్లకు రెండూ దుమ్ము చిమ్ముతాయి. మల్బరీ ఆకు లేకపోతే పట్టుపురుగులు మూడో రోజు చూడవు. ఇద్దరి సంసారాలూ ఆ ఆకు మీదే ఉన్నాయి.

సాయంత్రానికి ఇంకో వ్యాఖ్య కనిపించింది. కదిరిలో టీవీలు బాగుచేసే పెద్దాయన, ఎప్పుడో గాని రాయడు.

"ఏమప్పా బ్లాగరూ, మోటారు ఎవరు ఆన్ చేసినారని రెండు వారాల నుంచి అడుగుతాండారు. ఫోను ఎందుకు మోగిందని ఒగడన్నా అడిగినాడా? ఆ ఫోన్లో మిస్డ్ కాల్స్ చూసినారా?"

చూడలేదు. ఏ సర్వీసు పనిలోనైనా మొదట అడగవలసిన ప్రశ్న అది. కంప్యూటర్ పాడైందని వచ్చినవాణ్ని ముందు 'తెర మీద ఏమని వచ్చింది' అని అడుగుతాను. ఇక్కడ అడగకుండానే సిమ్ మార్చమన్నాను. నెట్ సెంటరు వాళ్ల ద్వారా రామాంజి నంబరు పట్టుకుని ఫోన్ చేశాను. ఆయన పొలానికి వెళ్లి చూసి చెప్పాడు.

"ఏమీ లేవన్నా. ఈ వారంలో నేను చేసినవి మూడే ఉండాయి. వేరే కాల్ ఒగటీ లేదు. నేను చెప్తి కదా, వాడు చేత్తోనే ఒత్తుతాండాడని."

"మీరు కళ్లతో చూశారా?"

"చూడాల్నా? నీళ్లు యాడ పారతాండాయో చూస్తే సాలదా?"

ఆదివారం పొద్దున బస్సెక్కాను. సంచిలో మల్టీమీటరు, పాత ఫోను ఒకటి, పదకొండు అనుమానాల పట్టిక. తేమకు తీగలు కలవడం, పక్కన పిడుగు పడటం, కంపెనీ వాళ్ల ప్రచారం కాల్స్, ఫోన్లో అలారం, ఇట్లా. రామాంజి బస్టాపు నుంచి మోపెడ్ మీద తీసుకెళ్లాడు. పొలంలో నాలుగు రాతి స్తంభాల మీద రేకు, దాని కింద స్టార్టర్ పెట్టె. తమ్ముడు గంగాధర అప్పటికే వచ్చి రాతికి ఆనుకుని నిలబడి ఉన్నాడు. కరెంటు లేదు.

"ఈయనేనా?" అన్నాడు గంగాధర నన్ను చూసి. "నంబరు ఎవరికీ చెప్పొద్దని రాసినోడు?"

"నేనే" అన్నాను.

"నన్ను ఎప్పుడన్నా చూసినావా నువ్వు?"

"లేదు."

"మళ్ల యెట్ల రాసినావప్పా?"

రామాంజి అందుకున్నాడు. "ఆయన్నెందుకు అడుగుతావు? నీ వాల్వునడుగు. నీ వంతు అయిపోయినాక నా వాల్వు తిప్పి పోవల్ల. నాయన పెట్టిన పద్ధతి. నేను నా వంతు అయితానే నీది తిప్పి పోతాండానా లేదా? నువ్వు ఒగ దినమన్నా తిప్పినావా?"

"మర్సిపోతా. నాయన ఉన్నప్పుడూ మర్సిపోతాంటి. అప్పుడు సోంబేరి అంటాంటివి. ఇప్పుడు దొంగనైతినా?"

"మోటారు ఎవరు ఏస్తాండారు మళ్ల?"

"నాకేం ఎరక? నీ ఫోను, నీ మోటారు, నీ బ్లాగు!"

నేను పెట్టె తెరిచి పట్టికలో మొదటి నాలుగు అనుమానాలు కొట్టేశాను. తీగలు పొడిగా, శుభ్రంగా ఉన్నాయి. అలారం లేదు. ఐదో దాని దగ్గర పెన్ను ఆగి ఉండగా కరెంటు వచ్చింది.

ముందు ఫోను తెర వెలిగింది. తర్వాత చిన్నగా ఒక్కసారి 'కీచ్' మన్నది. వెంటనే రిలే టక్కుమన్నది, స్టార్టర్ ధన్‌మని కలిసి మోటారు తిరగసాగింది. కాసేపటికి పైపులో గాలి గురకపెట్టి, నీళ్లు గంగాధర తోట వైపు దుమికాయి.

ముగ్గురమూ ఒకరి చేతులు ఒకరు చూసుకున్నాం. ఎవరి చేతిలోనూ ఫోను లేదు.

"ఎవరు ఒత్తినారిప్పుడు?" అన్నాడు గంగాధర.

నేను మోటారు ఆపి, ఛార్జర్ పీకి, మళ్లీ తగిలించాను. కీచ్, టక్, ధన్. ఇంకోసారి. అదే. పాత ఫోన్లలో ఛార్జింగ్ మొదలవగానే బజర్ ఒకసారి పలుకుతుంది. నేను తీగలు తీయమన్నది ఆ బజర్ నుంచే. కాబట్టి పొలానికి కరెంటు వచ్చిన ప్రతిసారీ ఆ ఫోను తనకు తానే మిస్డ్ కాల్ ఇచ్చుకుంటోంది. నా బల్ల మీద నాలుగు రోజుల్లో ఒక్కసారీ అది ఎందుకు జరగలేదంటే, దుకాణంలో నా బల్లకు యూపీఎస్ ఉంది. ఊళ్లో కరెంటు పోయినా నా ఛార్జర్‌కు తెలియదు. విడతలుగా కరెంటు వచ్చే పొలం కోసం తయారుచేసిన వస్తువును, కరెంటే పోని చోట పరీక్షించాను. నా పదకొండు అనుమానాల్లో ఇది లేదు.

ఇదంతా వాళ్లకు వివరిస్తుండగా గంగాధర ముఖం మారింది.

"అయితే నా వంతు రోజు కూడా ఇదే తిరుగుతాండెనా?"

"తిరిగే ఉంటుంది" అన్నాను.

"నేను వచ్చేతలికి మోటారు తిరుగుతాంటది, నీళ్లు పారతాంటాయి." అతను అన్న వైపు తిరిగాడు. "నువ్వే ఏస్తాండావనుకుంటినన్నా."

"నేనా?"

"నేను లేటుగా లేస్తానని, ఇంటికాడి నుంచే నువ్వు మిస్డ్ కాలిస్తాండావనుకుంటి. నా పెండ్లాంతో కూడా చెప్తి. మాయన్న నోరు సెడ్డది గానీ మనిషి మంచోడని."

రామాంజి నడుచుకుంటూ వెళ్లి గేటు వాల్వు దగ్గర కూర్చున్నాడు. ఆ రోజు ఆయన వంతు. తమ్ముని వాల్వు మూసి తనది తెరవాలి. చేయి వాల్వు మీద పెట్టాడు గానీ తిప్పలేదు.

"తిప్పున్నా, నీ నీళ్లు పోతాండాయి" అన్నాడు గంగాధర.

"పోనీలేరా" అన్నాడు రామాంజి. తర్వాత తిప్పాడు.

మరమ్మతుకు స్క్రూడ్రైవరు కూడా పట్టలేదు. ఫోను సెట్టింగుల్లో వార్నింగ్ టోన్స్ అని ఒకటి ఉంటుంది. దాన్ని ఆపేస్తే ఛార్జింగ్ పెట్టినా ఫోను పలకదు. ఛార్జర్ పది సార్లు పీకి, తగిలించి చూశాను. మోటారు కదల్లేదు. గంగాధర కొత్త నంబరు తన ఫోన్లోకి ఎక్కించుకుని, అక్కడి నుంచే ఒకసారి మిస్డ్ కాల్ ఇచ్చి చూసుకున్నాడు. తర్వాత పక్కకు వెళ్లి బోరుబండి వాళ్లతో మాట్లాడాడు. "లేదన్నా, వద్దు. పాత బోరే బాగుండాది" అన్నది మాత్రం నాకు వినబడింది.

ఆ రాత్రే సవరణ టపా రాశాను. పాత టపాను తీసేయలేదు. తప్పు వాక్యాల మీద గీత కొట్టి, వాటి పక్కన సరైనవి పెట్టాను. మోత మూడు సెకన్లు దాటితేనే రిలే పడేలా ఒక కెపాసిటరు కలిపి కొత్త బొమ్మ గీశాను. కదిరి పెద్దాయన రెండే మాటలు రాశాడు. "ఇప్పుడు సరే." ఎగతాళిగా వ్యాఖ్యలు పెట్టినవాళ్లలో ఒకరిద్దరు క్షమించమని రాశారు. రామాంజి చాన్నాళ్లు కనిపించలేదు. నెలన్నర తర్వాత హిందూపురం నుంచి ఒక వ్యాఖ్య వచ్చింది.

"అన్నా, మోటారు ఇప్పుడు చెప్పినట్లు ఇంటాండాది. తమ్ముని వంతు రోజు కూడా పొద్దున్నే నేనే మిస్డ్ కాలిస్తాండా. వానికి అలవాటయిపాయ, యాడ మాన్పేది? వాల్వు మాత్రం ఇప్పటికీ తిప్పడు."

ఆ తర్వాత కూడా చాలా ఏళ్లు బ్లాగు రాశాను. ఎవరైనా సమస్య రాస్తే జవాబుకు ముందు రెండు ప్రశ్నలు అడగడం అలవాటు చేసుకున్నాను. అది జరిగినప్పుడు సరిగ్గా ఏం కనబడింది, ఏం వినబడింది? మీ దగ్గర కరెంటు ఎప్పుడు వస్తుంది, ఎప్పుడు పోతుంది? మూడోది ప్రశ్న కాదు, నాకు నేను పెట్టుకున్న నియమం. వ్యాఖ్యలో ఇంకో మనిషి మీద నింద ఉంటే, ఆ మనిషితో కూడా మాట్లాడేదాకా పరిష్కారం రాయను. గంగాధర అడిగిన 'మళ్ల యెట్ల రాసినావప్పా' అన్నదానికి నా దగ్గర ఇంతకంటే జవాబు లేదు.