మాస్టర్ ఇంట్లో మూడుముక్కలాట

కొత్త చోట పేకాటకు కూర్చునే ముందు ఏమేం చూసుకోవాలో నాకు చెప్పింది మా ఆవిడ. ఆమె జన్మలో పేక ముట్టలేదు. ముట్టనివాళ్లకే ఇలాంటి తెలివి ఎక్కువ.

కరోనా రెండోసారి వచ్చి తగ్గిన ఏడాది అది. సూరత్ ఉధ్నాలో మేం పనిచేసే కార్ఖానా సగమే తెరిచారు. నేను నడిపే ఎనిమిది సాంచాలు నాలుగయ్యాయి. కరెంటు మగ్గాలను మేం సాంచాలంటాం. మీటరు లెక్కన కూలి కాబట్టి, సాంచాలు సగమైతే ఇంట్లో అన్నీ సగమే. ఎవరికి ఎన్నివ్వాలో తేల్చేవాడు మాస్టర్. ముప్పై ఏళ్లుగా సాంచాల మధ్యే ఉన్న గుజరాతీ. సాంచా మొరాయిస్తే చప్పుడు విని లోపం ఎక్కడుందో చెప్పేస్తాడని పేరు. యజమాని సేఠ్ ఆయన్ని నెత్తిన పెట్టుకుంది అందుకే.

కృష్ణాష్టమికి ముందురోజు గుజరాతీలకు సాతమ్ పండగ. ఆ రోజు వాళ్లు పొయ్యి వెలిగించరు. ముందురోజు వండింది చల్లగా తింటారు, పొద్దున్నుంచీ పేకాడతారు. దేవుడి పేరు మీద జూదం ఆడితే తప్పు కాదట, ఏం చేస్తాం. ఇరవై ఏళ్లలో మాస్టర్ నన్ను తన ఇంటి ఆటకు పిలవడం అదే మొదటిసారి.

మా ఆవిడకు ఒక అలవాటుంది. ఏం చెప్పాలన్నా చేతిలో పని ఆపి, నా ఎదురుగా వచ్చి నిలబడి, మొహంలోకి చూస్తూ చెప్తుంది. పొయ్యి దగ్గర్నుంచే చెప్పొచ్చు కదా. పెత్తనం కాకపోతే ఏమిటని నేను లోపల మండిపడేవాణ్ణి. ఆ రోజూ అలాగే వచ్చి నిలబడింది.

"ఎన్ని పైసలు తీస్కపోతున్నవ్?"

"వెయ్యి."

"ఐదు నూర్లు సాలు. ఆటో పైసలు ఇంకో జేబుల పెట్టు. ఇంట్లనే తిని పో. పోంగనే కూసోకు, జరసేపు చూడు, వాళ్ల ఆట ఎట్లుంటదో అడిగి తెలుసుకో. నాలుగు కొట్టంగనే లేవాలె. మా తమ్ముడు నీ యెన్క కూసుంటడు, అంగీ గుంజుతడు."

"గెలుస్తుంటే?"

"గెలుసుడు ఎందుకు? నవ్వుకుంట ఓడిపోయి రా. సాంచాల ముచ్చట తియ్యకు. ఇంటున్నవా?"

ఆ చివరి మాట ఆమె ప్రతిదానికీ తగిలిస్తుంది. వింటున్నానని కసిరాను.

నా వంతు జాగ్రత్తలు నేనూ తీసుకున్నాను. మంచి ముక్కలొస్తే మొహంలో తెలియకూడదు కదా. మాస్కు సగం మొహం కప్పేస్తుంది కాబట్టి మిగిలింది కళ్లే. మాస్కు పెట్టుకుని అద్దం ముందు నిలబడి, చచ్చిన చేప కళ్లు పెట్టడం రెండు రోజులు సాధన చేశాను. బామ్మర్ది చూసి, బాగా వచ్చింది బావా, కొత్తగా చేసేదేం లేదన్నాడు. వాడు సూరత్‌లోనే పుట్టాడు, నోటికి అడ్డు లేదు.

మాస్టర్ ఇంట్లో ఆయన, ఇద్దరు తమ్ముళ్లు, అల్లుడు ఆడుతున్నారు. అందరికీ మాస్కులే. జరసేపు చూశాను. అడగాల్సినవి అడిగాను. కూర్చుని, అనుకున్నట్టే కొంచెం కొంచెం ఓడిపోయాను. మాస్టర్ హుషారుగా ఉన్నాడు. అంతా పద్ధతి ప్రకారం సాగుతున్నప్పుడు నాకు మూడు రాజులొచ్చాయి.

మూడు రాజులొస్తే మనిషి ఎలా ఊరుకుంటాడు? కళ్లు మాత్రం చచ్చిన చేప కళ్లే. వెనక్కి వంగి బామ్మర్ది చెవిలో మెల్లగా అన్నాను, "తీన్ బాద్షా." తెలుగులో అన్నా బతికిపోయేవాణ్ణి. ముక్కల పేర్లు ఈ ఊళ్లోనే నేర్చుకున్నాను, నోటికి అలాగే వచ్చాయి.

తమ్ముళ్లిద్దరూ ఒకేసారి ముక్కలు పడేశారు. అల్లుడూ పడేశాడు. పళ్లెం తెస్తున్న మాస్టర్ భార్య గుమ్మంలో ఆగిపోయింది. నాకేం అర్థం కాలేదు. అంగీ లాగినట్టయి వెనక్కి చూశాను. రెండున్నరే అయింది. బామ్మర్ది మాస్కు కిందికి లాగి, సాంచాల దగ్గర మాట్లాడుకున్నట్టు పెదాలతోనే చెప్పాడు, "గట్టిగ ఒర్రినవ్ బావా. అందరు ఇన్నరు."

సిగ్గుతో చచ్చిపోయాను. తిరిగి చూస్తే మాస్టర్ పందెం పెంచుతున్నాడు. ముందు మొండితనం అనుకున్నాను. మళ్లీ పెంచాడు, కళ్లు చిట్లించి నవ్వాడు. తమ్ముళ్లు చాపకేసి చూస్తున్నారు. అప్పుడు తెలిసింది, ఆయనకు వినపడదు. సాంచాల మోతలో అందరం మూతులు చూసి మాట్లాడుకునేవాళ్లమే కాబట్టి ఇన్నేళ్లూ బయటపడలేదు. ఇప్పుడు మూతులకు మాస్కులొచ్చాయి.

మూడు రాజుల్నీ బోర్లించి పడేశాను. మాస్టర్ తొడ చరిచి, భయపడ్డావా అని హిందీలో అడిగాడు. అవునని తల ఊపాను. జీవితంలో అంత బాధపడి ఇంకే ఆటా ఓడిపోలేదు.

వచ్చేస్తుంటే మాస్టర్ భార్య మెట్ల దాకా వచ్చి ఏదో అంది. నేను హా హా అన్నాను. ఆమె నన్నొక క్షణం చూసి, మాస్కు గడ్డం కిందికి లాగి, సరిగ్గా నా ఎదురుగా నిలబడి ఒక్కో మాటా చెప్పింది. "సేఠ్‌కు చెప్పొద్దు. తెలిస్తే తీసేస్తాడు." చెప్పనన్నాను.

పండగయ్యాక మాస్టర్ నాకు ఆరు సాంచాలిచ్చాడు. ఓడిపోయినందుకో, నోరు మూసుకున్నందుకో, ఊరికి వెళ్లినవాళ్లు తిరిగి రానందుకో నాకు తెలియదు.

ఆ రోజు ఇంటికొచ్చి జరిగిందంతా మా ఆవిడకు చెప్పాను. పాపం ఆ మాస్టర్ పెళ్లాం, ఇంట్లో ప్రతి మాటకూ లేచి ఎదురుగా పోయి నిలబడాలి కాబోలు అన్నాను. మా ఆవిడ పొయ్యి దగ్గరికి పోయింది. కాసేపటికి బామ్మర్ది అటు చూసి, ఇటు నన్ను చూసి, తల దించుకున్నాడు. ఆమె అటు తిరిగి ఏదో అన్నదన్నమాట. తర్వాత గరిటె పక్కన పెట్టి, చేతులు తుడుచుకుని, వచ్చి నా ముందు నిలబడింది.

"అన్నం పెట్టాల్నా అంటున్న. ఇంటున్నవా?"

"ఎప్పటిసంది గిట్ల ముందట నిలబడి మాట్లాడుతున్నవ్?" అని అడిగాను.

"పెద్దపిల్ల పుట్టినప్పటిసంది," అంది. "రాత్రి అది నీ పక్కల గుక్కపట్టి ఏడ్సినా నువ్వు లేవకపోతుంటివి."

మా పెద్దపిల్ల అప్పుడు పదో తరగతి. నాది గాఢనిద్ర అని నేను కార్ఖానాలో గొప్పగా చెప్పుకునేవాణ్ణి.