నిలువు పోగుల పరీక్ష

మా ఇంట్లో కంటి పరీక్ష మగ్గం దగ్గరే జరిగేది. కొత్త పడుగు ఎక్కించిన రోజు మా అత్తమ్మ ఇంట్లో ఎవరినో ఒకరిని మగ్గం ముందు నిలబెట్టి, "అంచు చారల ఎర్ర పోగులు ఎన్నున్నయో చెప్పు" అనేది. లెక్క సరిపోతే కళ్లు బాగున్నట్టే. మాది వరంగల్ కొత్తవాడలో దుప్పట్లు నేసే ఇల్లు. పడుగంటే మగ్గం మీద మన ముందు నిలువుగా సాగే పోగులు. నాడె అటూ ఇటూ తిరుగుతూ వాటి మధ్య అడ్డంగా వేసేది పేక. పెళ్లిచూపుల్లో నన్నెవరూ పాట పాడమనలేదు, పోగులు లెక్కపెట్టమన్నారు. పద్దెనిమిది అన్నాను. సరిపోయింది. ఆ ఇంటి కోడలినయ్యాను.

అందుకే నా కూతురు మూడో తరగతిలో ఉన్నప్పుడు "అమ్మా, బోర్డు సక్కగ కనపడ్తలేదే" అంటే, నేనూ ఆ పరీక్షకే పెట్టాను. అది తల కొంచెం పక్కకు వంచి, పెదాలు కదుపుతూ లెక్కపెట్టి "ఇరవై రెండు" అంది. ఒక్క పోగు తప్పలేదు.

"గంత సన్నటి పోగులు కనపడ్తయి గని, గోడంత బోర్డు కనపడదా?" అని అత్తమ్మ నవ్వింది.

నాకు నవ్వు రాలేదు. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. బడి ఎగ్గొట్టడానికి దొంగ వేషాలు వేస్తోందనుకుని వీపు మీద ఒక్కటిచ్చాను. అది ఏడవలేదు. ఆ తర్వాత బోర్డు మాట ఎత్తనూ లేదు.

ఏడాది గడిచింది. నోటు పుస్తకంలో ఎనిమిది మూడయ్యేది, మూడు ఎనిమిదయ్యేది. శ్రద్ధ లేదని టీచరు రాసి పంపింది. తల వంచి చూడడం ఎక్కువైంది. అత్తమ్మ ఎండుమిరపకాయలతో దిష్టి తీసి నిప్పుల్లో వేసింది. ఘాటు రాలేదు కాబట్టి దిష్టి గట్టిదేనని తేల్చింది. నేను మాత్రం చదువు మీద మనసు లేని పిల్ల పుట్టిందని వచ్చినవాళ్లందరికీ చెప్పుకుంటూ తిరిగాను. ఇప్పుడు తలుచుకుంటే నా నోరు నేనే నొక్కుకోవాలనిపిస్తుంది.

ఒకనాటి మధ్యాహ్నం దాని కుడి కంట్లో దూది నలుసు పడింది. అరచేత్తో ఆ కన్ను మూసుకుని నా పక్కన కూర్చుంది. నేను నేస్తూనే, "టైమెంతయిందో జర చూడు బిడ్డా" అన్నాను. ఎదురుగా గోడ మీదే గడియారం.

"కనపడ్తలేదమ్మా."

"గడియారం కనపడ్తలేదా?"

"ఉన్నది. ముల్లులు కనపడ్తలెవ్వు."

చేయి తియ్యమన్నాను. తీసి, కళ్లు నులుముకుని, వెంటనే చెప్పింది. మళ్లీ మూయమన్నాను. మళ్లీ కనపడలేదు. నాడె ఎక్కడ వదిలానో కూడా గుర్తులేదు. ఎడమ కన్ను పోయింది, నా బిడ్డకు ఒంటికన్నే మిగిలింది అనుకున్నాను. ఎన్నాళ్ల నుంచి ఇలా ఉందని అడిగితే అది నా చేతి వంక చూసి, "ఎప్పటి నుంచో" అంది.

మర్నాడు పొద్దున్నే ఆటో ఎక్కి హన్మకొండలో కంటి దవాఖానకు పోయాం. దారంతా దాని ఎడమ కన్ను వైపే చూశాను. నల్లగా, తేటగా, కుడి కన్నులాగే ఉంది. పైకి ఏమీ తెలియకపోవడమే నన్ను ఎక్కువ భయపెట్టింది.

డాక్టరమ్మ తల నెరిసిన మనిషి, నెమ్మదిగా మాట్లాడింది. దాని కుడి కన్ను మూసి, బండి చక్రం ఆకుల్లా నడిమి నుంచి అన్ని వైపులా గీతలున్న బొమ్మ చూపించి, ఏ గీతలు బాగున్నాయని అడిగింది.

"నిలువు గీతలు నల్లగున్నయి. అడ్డం గీతలు అలుక్కపోయినయి" అంది నా కూతురు.

నిలువు గీతలు! మేం దానితో లెక్కపెట్టించింది నిలువు పోగులు.

డాక్టరమ్మ చుక్కలు వేసి, మిషన్‌లో చూసి, చివరికి నాకు చెప్పింది. "దీన్ని ఆస్టిగ్మాటిజం అంటారమ్మా. కంటి ముందు పొర బంతిలా సమంగా ఉండాలి. పాపకు ఒక పక్క వంపు ఎక్కువైంది, గుడ్డులా. అందుకే ఒక వైపు గీతలు తేటగా, ఇంకో వైపువి మసకగా ఉంటాయి. చాలామందికి ఉంటుంది, అద్దాలతో సరిపోతుంది."

నేను ఊపిరి పీల్చుకునేలోపే "కానీ" అంది. కుడి కంటిలో కొంచెమే ఉందట. ఎడమ కంటిలో బాగా ఎక్కువ. మసక బొమ్మ పంపే కంటిని మెదడు నమ్మడం మానేసిందట. "తొమ్మిదేళ్లు వచ్చాయి. ఇంకా చిన్నప్పుడే తేవాల్సింది. ఆశ ఉంది, కానీ ఎంత చూపు వస్తుందో ఇప్పుడే మాట ఇవ్వలేను."

పోగుల పరీక్ష సంగతి చెప్పాను. ఆమె నవ్వితే బాగుండేది. నవ్వలేదు. "రెండు కళ్లూ తెరిచే చూసింది కదమ్మా? పైగా అన్నీ నిలువు పోగులే" అంది. తర్వాత నా ముఖంలోకి చూసి, "ఇది తల్లిదండ్రుల నుంచి రావచ్చు. మీకు సాయంత్రానికి తల నొస్తుందా? కళ్లు చికిలించి చూస్తారా?" అని అడిగింది.

రోజూ తల నొస్తుంది. కళ్లు చికిలించి చూస్తాననే మా ఆయన వెక్కిరిస్తాడు. అయినా "లేదు మేడం" అన్నాను. బిడ్డకిచ్చింది నేనేనని తేలుతుందని భయం. కళ్లు బాలేవు, నేత మానేసి మగ్గం గుంటలోంచి లేవమంటారని ఇంకో భయం.

అద్దాలు వచ్చాయి. బడి నుంచి రాగానే కుడి కంటికి పట్టీ వేసి, చూపు మందగించిన ఎడమ కంటితోనే చదివించాలి, రాయించాలి. ఈ అద్దాల నంబరు ఒక కోణంలో కూర్చుంటుందట, ఫ్రేము వంకర పోతే చూపూ చెదురుతుందట. నేను గంటకోసారి దాని ముక్కు మీద ఫ్రేము సరిచేసేదాన్ని. పట్టీ వేసుకుని అది గడప తన్నుకుని పడేది, అక్షరం దొరక్క ఏడ్చేది. "గీ ఒక్క కన్ను చాలమ్మా, పట్టీ తియ్యవే" అని బతిమాలేది. తీయలేదు. అత్తమ్మ చాటుగా కొంగుతో కళ్లు తుడుచుకునేది. ఆ తర్వాత ఎవరినీ పోగులు లెక్కపెట్టమనలేదు.

పట్టీ మొదలుపెట్టాక మొదటిసారి చూపించినప్పుడు ఎడమ కన్ను ఇంకో రెండు వరుసలు చదివింది. రెండోసారి ఒక్క అక్షరమూ పెరగలేదు. డాక్టరమ్మ "చూద్దాం, పట్టీ ఆపకండి" అంది. ఆ "చూద్దాం" పట్టుకుని మూడు నెలలు బతికాను. మూడో తరగతప్పుడే నేను కొట్టకుండా నమ్మి ఉంటే ఎన్ని వరుసలు చదివేదో అని లెక్కలు కట్టుకునేదాన్ని.

ఒక ఆదివారం పగలు అది పట్టీ వేసుకుని మగ్గం పక్కన కూర్చుని, నేను అప్పుడే నేసిన బట్ట మీదికి వంగింది.

"అమ్మా, గిక్కడ పేక వదులైంది. అడ్డంగ సందు పడ్డది."

వంగి చూశాను. ఏమీ లేదు. కళ్లు చికిలించాను, తల వంచాను. బట్ట నున్నగా ఉంది. ఊరికే అంటోందన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఆపుకుని వేలితో తడిమాను. వెంట్రుకంత సందు వేలికి తగిలింది, బట్ట ఈ అంచు నుంచి ఆ అంచు దాకా.

అడ్డం గీత. ఎడమ కన్ను. నాకు ఏడుపు ఆగలేదు. దాన్ని ఒళ్లోకి లాక్కున్నాను. సంతోషం పట్టలేకపోతూనే భయపడ్డాను. ఎన్నేళ్ల నుంచి ఇలాంటి సందులు నా కళ్ల ముందు నుంచే పోతున్నాయో!

"నీకు కనపడ్తలేదా అమ్మా?"

దవాఖానలో చెప్పిన అబద్ధమే మళ్లీ చెప్పబోయాను. ఆ ఒంటి కన్ను నన్నే చూస్తోంది.

"కనపడ్తలేదు బిడ్డా."

అది పోగులు లెక్కపెట్టమనలేదు. నా చెయ్యి పట్టుకుని, "రేపు డాక్టరమ్మ తానికి పోదాం. నేను పక్కనే ఉంట, భయపడకు" అంది. నా మాట నమ్మడానికి దానికి ఒక్క క్షణం కూడా పట్టలేదు.