ఇంట్లో ఇద్దరు డ్రైవర్లు

పోయిన వారం మా మేనత్త పోయింది. ఫోన్ వచ్చేసరికి నేను తెలిపారా బజారులో, బ్యాంకులో ఉన్నాను. "మీ అత్త లేవడం లేదమ్మా, వేగిరం రా" అంది పక్కింటావిడ. అత్త వాళ్లుండే లాల్‌ఖదాన్ చేరేసరికి అత్తని కింద చాప మీద పడుకోబెట్టేశారు. పొయ్యి మీద చారు ఇంకా వెచ్చగానే ఉంది.

మా తెలుగువాళ్లు రైల్వే పనికొచ్చి స్థిరపడ్డ ఈ హిందీ ఊళ్లోనే అత్త పుట్టింది. రైల్వే వాళ్ల పిల్ల, రైల్వే వాళ్ల కోడలు. స్కూల్లో కంప్యూటర్లు చెప్పి రిటైరైంది. చిన్న చిన్న చిప్పులు కొనుక్కుని, వైర్లు అతికించి ఆడుకోవడం ఆవిడ సరదా. సోల్డరింగ్ కడ్డీ తగిలి కాలిన మచ్చల మీదే గోరింటాకు పెట్టుకునేది.

మావయ్య గూడ్సు బళ్లు నడిపేవాడు. సర్వీసు అయిపోయి ఇంటిపట్టున ఉందామనుకునేసరికి పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. ఎడమచేతి వేళ్లు మాత్రం కదిలేవి. దాహమేస్తోందని చెప్పలేక ఆయన కన్నీళ్లు పెట్టుకోవడం నేనూ చూశాను. అత్త ఆ పూట అన్నం తినలేదు.

మళ్లీ వెళ్లేసరికి మంచం మీద ఒక చెక్కపలక, దానికి నాలుగు రాగిరేకులు. వేలు తగిలితే కనిపెట్టే చిప్పు ఒకటి. దాన్నుంచి సన్నటి వైర్లు ఓ చిన్న డబ్బాలోకి, డబ్బా నుంచి కంప్యూటర్లోకి. మావయ్య ఏ రేకు ముట్టుకుంటే దానికి పెట్టిన మాట కంప్యూటరు పలకాలని అత్త ఆలోచన. తీరా చూస్తే ఆ డబ్బాని కంప్యూటరు గుర్తే పట్టలేదు.

"మరిప్పుడేటి చేస్తావు అత్తా?"

"దాని భాష దీనికి రాదు, దీని భాష దానికి రాదు. మధ్యన మాట చేరేసే ప్రోగ్రాము ఒకటుండాల. దాన్ని డ్రైవర్ అంటారు. ఎక్కడా దొరకలేదు, నేనే రాస్తన్నాను." మావయ్య వైపు తిరిగి, "ఇకమీదట ఇంట్లో ఇద్దరు డ్రైవర్లం, వింటన్నారా?" అంది. మావయ్య మూతి ఒకవైపే నవ్వింది.

నెలలు పట్టింది. కంప్యూటరు బిగుసుకుపోయేది, మళ్లీ మొదటికొచ్చేది. చిప్పే పాడైందేమో పారెయ్యమని నేను విసుక్కున్నాను.

"జవాబు రాకపోతే తప్పు అటేపే ఉందనెయ్యకే. మనం సరిగ్గా అడిగామో లేదో సూడాల. అడిగాక కాస్త టైమివ్వాల" అంది.

మావయ్యతోనూ అంతే. ఆయన కళ్లతో ఏదైనా చెప్పబోతే, చేతిలో పని ఆపేసి అర్థమయ్యేదాకా చూస్తూ నిలబడేది.

ఒక మధ్యాహ్నం మావయ్య వేలు రేకు మీద పడింది. "నీళ్లు" అంది కంప్యూటరు, అత్త గొంతుతో. అందులో ఉన్న గొంతు మరమనిషి గొంతులా ఉందని తనే రికార్డు చేసి పెట్టింది. నీళ్లు, ఫ్యాను, ఇలా రా, వద్దు. అవే నాలుగు మాటలు. అత్త గ్లాసు తెచ్చి తాగించి, వంటింట్లోకెళ్లి ఏడ్చింది. తర్వాత ఆ డ్రైవర్ని, కావలసినవాళ్లు వాడుకుంటారని, ఇంటర్నెట్లో ఊరికే పెట్టేసింది.

అత్త పోయిన రోజు చారు దించకుండానే వచ్చి, మంచం పక్క కుర్చీలో కూర్చుని ఒరిగిపోయింది. మావయ్య "ఇలా రా" నొక్కాడు. నొక్కుతూనే ఉన్నాడు.

"మీ అత్తే పిలస్తంది అనుకున్నానమ్మా" అంది పక్కింటావిడ. "అచ్ఛా, వస్తన్నా అంటూనే వచ్చాను. చూస్తే కుర్చీలో..."

ఆ తర్వాత మావయ్య రేకులు ముట్టుకోలేదు. పాడైందేమోనని నేను చూశాను. అన్నీ పనిచేస్తున్నాయి. అత్త కూతురు, మా వదిన, మంచం మీద కూర్చుని ఆయన చెయ్యి పట్టుకుంది.

"నాన్నా, అమ్మ గొంతు వినలేకపోతన్నావా? తీసీనా? నాది పెట్టీనా?"

చాలాసేపటికి మావయ్య వేళ్లు విడిపించుకున్నాడు. వేలు రేకు దాకా పాకింది.

"వద్దు" అంది అత్త.

మళ్లీ ఇంతవరకూ నొక్కలేదు. నిన్న సాయంత్రం వెళ్తే పెదవులు ఎండిపోయి ఉన్నాయి. నేనే చెంచాతో నీళ్లు పట్టాను. సగం గడ్డం మీదుగా కారిపోయాయి. తుడుస్తుంటే ఆయన నా వైపు చూడలేదు. వంటింటి గుమ్మం వైపు చూస్తున్నాడు.