జగపతిరావు, నడిమి బటన్

జగపతిరావు నోట ‘అయింది’ అన్న మాట విన్నవాడు మా కరీంనగర్‌లో ఎవడూ లేడు. ఏ పని గురించి అడిగినా ‘ఇంక కాలే’ అనేవాడు.

అన్నం తిని, చెయ్యి కడుక్కుని, పళ్లు కుట్టుకుంటూ వస్తుంటే “తిన్నవా రావు సాబ్?” అని అడిగితే “ఇంక కాలే. అరగాలె గద!” అనేవాడు. ఆయన భార్య సరళాదేవి చెప్పగా విన్నాను: తలంబ్రాలు పోసుకుని బంతిలో కూర్చున్నాక, ఆలస్యంగా వచ్చిన ముసలి చుట్టం ఒకామె “లగ్గం అయిందా బిడ్డా?” అని అడిగిందట. పక్కన కొత్త పెళ్లికూతురు వింటుండగానే “ఇంక కాలే పెద్దమ్మా” అన్నాడట. ఆ ముసలామె పెళ్లి చూద్దామని పొద్దుగూకే దాకా పందిట్లోనే కూర్చుంది.

“ఇద్దరు పిల్లలు పుట్టిన్రు. లగ్గమెప్పుడైతదో ఏమో!” అంటుంది సరళాదేవి.

ఇలాంటి మనిషికి మా మ్యాపుల ఆఫీసు తన కంప్యూటర్ని అప్పగించింది. 1998 వానాకాలం. పైకప్పు కారేది, గోడలకు చెమ్మ, ఫైళ్లకు బూజు. పొద్దున వెళ్లిన కరెంటు ఎప్పుడొస్తుందో తెలియదు. దానికి తోడు మా ఆఫీసరు మధుసూదన్‌రావు, కంప్యూటర్ మ్యాపులు గీసిన రోజే చేత్తో గీసేవాళ్లను ఇంటికి పంపుతానని చెప్పేశాడు. చేత్తో గీసేవాళ్లలో అప్పటికి మిగిలింది రిబ్కమ్మ ఒక్కతే. ఆమె పెనిమిటి తోమాసు మందమర్రి బొగ్గుబాయిలో నడుం విరిగి మంచాన పడ్డాడు. ఆ ఇంట్లో పొయ్యి వెలగాలంటే ఈమె చేతిలో పెన్ను కదలాలి.

సాఫ్ట్‌వేర్ కొనే స్తోమత ఆఫీసుకు లేదు. అమెరికాలో ఎవరో తయారుచేసి, కావలసినవాళ్లు విప్పి మార్చుకోండని లోపలి రాతతో (సోర్స్ కోడ్‌తో) సహా ఉచితంగా పంచిపెట్టిన మ్యాపుల సాఫ్ట్‌వేర్‌ను జగపతిరావు హైదరాబాద్ నుంచి సీడీలో తెచ్చాడు. అది యూనిక్స్ నడిచే పెద్ద యంత్రాలకు రాసింది. మాది విండోస్ 95 నడిచే చిన్న డబ్బా. భారీ మనిషి చొక్కాకు కుట్లు విప్పి బక్కపలచని వాడికి సరిపోయేట్టు మళ్లీ కుట్టడంలాంటి పని అది.

“జగపతిరావ్, అయిందా?” అని మధుసూదన్‌రావు రోజూ తలుపు దగ్గరే అడిగేవాడు.

“ఇంక కాలే సార్.”

“నిన్న తెర మీద మ్యాపు కనబడ్డది గదనయ్యా!”

“కనబడుడు వేరే, అగుడు వేరే సార్. మౌస్‌తోని పరేషాన్ ఉన్నది. అమెరికావాళ్లు మూడు బటన్ల మౌస్‌కు రాసిన్రు. మనది రెండు బటన్లది. గీత నడిపించేది ఆ నడిమి బటనే.”

“మూడు బటన్లది కొనుక్కరారాదు?”

“హైదరాబాదంత తిరిగిన సార్. దొరకలే. రెండు బటన్లు ఒక్కపారే ఒత్తితే నడిమిది అనుకునేటట్టు మార్చిన.”

“ఇగ అయినట్టే గద!”

“కాలే సార్. పరీక్ష చెయ్యాలె.”

పరీక్షకు మొదట నేను కూర్చున్నాను. రెండు బటన్లూ ఒకే క్షణంలో పడాలి. కాస్త ముందూ వెనకా అయిందా, గీసిన గీతంతా మాయం. నా చేతిలో మానేరు బస్టాండులోంచి పారి, ఆపైన వంతెనతో సహా అదృశ్యమైంది.

“భాయ్, జర లే. నువ్వు లేస్తే ఊళ్లు బతుకుతయి” అన్నాడు జగపతిరావు.

ఆ కుర్చీలో రిబ్కమ్మను కూర్చోబెట్టాడు. ఆమె మౌస్‌ను ముట్టుకోలేదు.

“నా కూడు గుంజుకునే డబ్బను నాతోనే బాగు చేపిస్తవా సారూ?”

జగపతిరావు తల దించుకున్నాడు. “అది ఇంక కాలే అంటున్న గదమ్మా. నువ్వైతే గియ్యి.”

గీసింది. మాయమైంది. “యేసయ్యా!” అంది. మళ్లీ గీసింది. కరెంటు పోయింది. ఆ వానాకాలమంతా మా ఆఫీసులో చూరు నీళ్ల చప్పుడూ, రిబ్కమ్మ “యేసయ్యా”లే. వానలు వెనకపట్టేసరికి “యేసయ్యా” వినిపించడం తగ్గింది. ఆమె రెండు వేళ్లూ కవలపిల్లల్లా ఒక్కసారే లేచి, ఒక్కసారే పడుతున్నాయి.

ఇక మధుసూదన్‌రావు ఓపిక చచ్చిపోయింది. “రేపు హైదరాబాద్ నుంచి పెద్దసారు వస్తుండు. నీది అయినా, కాకున్నా చూపెట్టుడే. రిబ్కమ్మా, రేపటితోని నీకు సెలవు.”

మర్నాడు పెద్దసారు ముందు మధుసూదన్‌రావే దర్జాగా మౌస్ పట్టుకున్నాడు. ఉట్నూర్ రోడ్డు సగం దాకా వచ్చి మాయమైంది. మళ్లీ గీశాడు. ఈసారి రోడ్డుతో పాటు వాగు కూడా పోయింది. పెద్దసారు నవ్వి, “లే, నేను చూస్త” అని కూర్చుని, ఒక గూడెం పొలిమేరను మాయం చేసి నవ్వు ఆపేశాడు.

“ఇది ఎవలకన్న వస్తదా అసలు?”

“రిబ్కమ్మకు ఒక్కదానికే వస్తది సార్” అన్నాడు జగపతిరావు అమాయకంగా.

రిబ్కమ్మ చెయ్యి కొంగుకు తుడుచుకుని కూర్చుంది. ఉట్నూర్ రోడ్డు అడవిలోంచి మలుపులు తిరిగి, వాగు దాటి, గూడెం చేరింది.

“ఈమెను ఇంటికి పంపి, నువ్వు గీస్తవానయ్యా?” అన్నాడు పెద్దసారు. మధుసూదన్‌రావు గోడ మీది చెమ్మ కేసి చూశాడు. రిజిస్టరులో రిబ్కమ్మ పేరు పక్కన ‘కంప్యూటర్ ఆపరేటర్’ అని అప్పుడే రాయించారు. ఆమె ఎవరికీ ఏమీ చెప్పకుండా, చెప్పులు చేత పట్టుకుని బురదలో ఇంటివైపు పరుగులాంటి నడక నడిచింది.

సాయంత్రం ముసురు పట్టింది. జగపతిరావు గొడుగు కోసం సంచి తెరిస్తే తీగతో సహా ఒక మౌస్ జారి నేల మీద పడింది. దానికి మూడు బటన్లు.

“ఇది ఎన్నడు కొన్నవ్?” అని అడిగాను.

“సీడీ తెచ్చిననాడే.”

“ఇది పెడితే ఎవలైనా గీసేటోళ్లు గద!”

“అందుకే గద పెట్టలే. జర మెల్లగ మాట్లాడు భాయ్.”

వారం తర్వాత వాళ్లింటికి వెళ్తే, ఆయన చిన్నకొడుకు ఆ మౌస్‌ను తీగ పట్టుకుని వాకిలంతా ఈడుస్తున్నాడు. నడిమి బటన్ లేదు. ఊడదీసి ఇచ్చింది తండ్రేనట. పిల్లవాడు మింగుతాడన్న భయంతో కాదు, మధుసూదన్‌రావు కాపురం ఆ వీధిలోనే.